ఊరు వెదకిన కుటుంబము

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మవతరించినపుడు, చెన్నపట్టణమున ఏండ్ల తరబడి కాపురముండిన తెలుగు ఉద్యోగులు సామగ్రి సర్దుకొని కర్నూలునకు బయలుదేరిరి. తుంగభద్రా తీరమందలి ఆ పట్టణము జిల్లా కేంద్రమే గాని రాజధానిగా పెరిగినది కాదు. కచేరీలకు చాలినన్ని భవనములు లేవు. కాపురములకు చాలినన్ని ఇండ్లు లేవు. కొన్ని కార్యాలయములు గుడారములలో నడచెను. ఉద్యోగులు గుడారములలోనే తల దాచుకొనిరి. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక ననుసరించి రాజధాని రాయలసీమకు రాగా, ఉన్నత న్యాయస్థానము 1954 జూలైలో గుంటూరున వెలసెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడి, హైదరాబాదు రాజధాని కాగానే, ఆ రెండు ఊళ్ళవారును మరల ప్రయాణ సన్నాహము చేయవలసినవారైరి. కర్నూలు రాజధానిగా నుండినది మూడు సంవత్సరముల ఒక మాసము మాత్రమే. అద్దె యింట నున్నవానికి పెట్టె సర్దుకొనుటయే పని. అప్పు చేసి ఇల్లు కట్టినవానికి అంతకంటె పెద్ద చిక్కు.

ఇట్టి ప్రయాణమే అరువది యేండ్ల పిమ్మట మరల సంభవించెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము ప్రత్యేక రాష్ట్ర మయ్యెను. 2016లో ఆంధ్రప్రదేశ సచివాలయపు ఉద్యోగులు హైదరాబాదునుండి వెలగపూడికి వచ్చిరి. వారిలో కొందరు విజయవాడను, కొందరు గుంటూరును, కొందరు మంగళగిరిని ఎంచుకొనిరి. పిల్లల చదువు నడుమ తెగిపోవునను భయమున భార్యాబిడ్డలను హైదరాబాదునందే యుంచి, వారము వారము రైలులో పోయివచ్చినవారును కలరు.

ప్రభుత్వాజ్ఞ వలన కదలువారు కొందరే. బ్రతుకు తెరువు కొరకు కదలువారే యెక్కువ. 1971 జనవరిలో విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారమునకు పునాది రాయి పడినపుడు గాజువాక చిన్న ఊరు. పనికై వచ్చినవారు దానిచుట్టు అద్దె యిండ్లు వెదకిరి. 1992లో కర్మాగారము జాతికి అంకితమగునాటికి ఆ ఊరి రూపమే మారిపోయెను. 2005లో అది విశాఖ మహానగరమున కలసెను. కర్మాగారమునకు భూములిచ్చిన రైతులును తమ పల్లెలు విడిచి క్రొత్త గూడు వెదకుకొనవలసి వచ్చినది. వారు రాష్ట్రము దాటలేదు గనుక వారి కథను ఎవరును వలసగా లెక్కింపరు. లెక్కింపవలసినదే.

నేడట్టి మార్పు నక్కపల్లికి వచ్చుచున్నది. అనకాపల్లి జిల్లాలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద నున్న మండల కేంద్రమిది. చేరువనే ఉపమాక వేంకటేశ్వరుని కొండ, తూర్పున సముద్రము, ఆ యొడ్డున రాజయ్యపేట మొదలగు మత్స్యకారుల పల్లెలు. ఇచ్చట నెలకొల్పనున్న ఔషధ పరిశ్రమల పార్కునకు 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి శంకుస్థాపన చేసెను. తమ వేటకు హాని కలుగునని రాజయ్యపేట మత్స్యకారులు ఆ సంవత్సరమే ఆందోళనకు దిగిరి. ఒక చోట క్రొత్తవారు ఇండ్లు వెదకుచుండగా, మరియొక చోట పాతవారు తమ యిల్లు నిలుచునా యని చింతించుచుండిరి.

భిలాయినుండి ఈ ప్రాంతమునకు రాదలచిన యొక తెలుగు కుటుంబమును ఊహింపుడు. 1950వ దశకమున సోవియట్ దేశపు తోడ్పాటుతో భిలాయిలో ఉక్కు కర్మాగారము లేచినపుడు, ఉత్తరాంధ్ర పల్లెలనుండి పనికై పోయినవారు పెక్కుమంది. ఈ కుటుంబపు తాతయు అట్లు పోయినవాడే. ఆయన గతించెను. కుమారుడు విద్యుత్తు పని నేర్చి, నక్కపల్లి చేరువనున్న ఔషధ కర్మాగారమున నౌకరీ సంపాదించెను. అతనికి తల్లియు, భార్యయు, ఎనిమిదవ తరగతి చదువు కుమార్తెయు కలరు. భార్య భిలాయిలో కుట్టుపని చేసి, పది సంవత్సరములలో మంచి బేరము కుదుర్చుకొనెను. కుమార్తె ఇంట తెలుగు మాటలాడును గాని అక్షరము లెరుగదు. ఆమె చదివినది హిందీలో.

అతడు కార్తిక మాసమున, వానలు వెనుకబట్టిన వెంటనే, తల్లిని వెంటబెట్టుకొని ఊళ్ళు చూడ వచ్చెను. ఆ కాలమెన్నుకొనుట తెలివి. వేసవిలో అన్ని వీధులును పొడిగానే యుండును. వానలు వెలసిన దినములలో నైనచో గోడల మీది నీటి చారలు ఉన్నదున్నట్లు చెప్పును. అతడు ప్రతి వీధిలోను టీ దుకాణము చెంత నిలిచి, 2014 అక్టోబరు 12వ తేదీ హుద్‌హుద్ తుపానునాడు అచ్చట నీరెంత నిలిచెనో, విద్యుత్తు ఎన్నాళ్ళకు వచ్చెనో అడుగుచుండెను. ఇంటి యజమాని దాచిన సంగతి టీ దుకాణమువాడు దాచడు.

గాజువాకలో ఆసుపత్రులు, కళాశాలలు మెండు; కాని అచ్చటినుండి నక్కపల్లికి రాకపోకలలోనే దినమంతయు కరగిపోవును. అనకాపల్లి జిల్లా కేంద్రము, బెల్లపు విపణికి పేరుపొందినది, అదియు దూరమే. పడమటి దిక్కున పాయకరావుపేట, తాండవ నది కావల తుని. వంతెన దాటినచో జిల్లాయే మారిపోవును. తునిలో రైలు వసతి కలదు, అంగళ్ళు కలవు. అతని మనస్సు కొంత అటే లాగెను.

నక్కపల్లిలో ఒక మధ్యవర్తి అతనిని పట్టుకొనెను. రహదారికి దూరముగా, పొలముల నడుమ పాతిన పసుపు రాళ్ళు చూపి, “బాబూ, ఇప్పుడు కొనకున్నచో వచ్చే యేటికి ధర రెట్టింపగును,” అనెను. తండ్రి దాచియుంచిన సొమ్ము కొంత బ్యాంకులో నున్నది. అతడు ఒక పూట తర్జనభర్జనలు పడి, నగరాభివృద్ధి సంస్థ యనుమతియు, 2016 నాటి స్థిరాస్తి చట్టము క్రింది నమోదును, ఆ భూమిపై ఋణభారము లేదను పత్రమును చూపుమనెను. మధ్యవర్తి మరునాడు తెచ్చెదననెను. ఆ మరునాడు రాలేదు. పిమ్మట అతడు ఫోను కూడ ఎత్తలేదు.

తీరమునకు దాపున ఒక ఇల్లు అద్దె తక్కువగా దొరకెను. గదులు విశాలములు, గాలి ధారాళము. కుమారుడు ముచ్చటపడెను. ముసలమ్మ పెరటిలోని బోరు నీరు చేతబట్టి పుక్కిలించి ఉమిసి, “నాయనా, ఈ నీటితో పప్పుడుకదు,” అనెను. ఆ మాటతో ఆ యింటి ప్రసక్తి ముగిసెను.

తుదకు వారు ఎలమంచిలిలో ఉన్నత పాఠశాలకు పోయిరి. ప్రధానోపాధ్యాయుడు వారిని కూర్చుండబెట్టెను.

“అయ్యా, నేను ముందుగా ఒంటరిగా వచ్చి చేరెదను. అమ్మాయి అచ్చటనే పదవ తరగతి ముగించిన పిమ్మట అందరిని తీసికొనివచ్చెదను,” అని తండ్రి తన యాలోచన చెప్పెను.

“అమ్మాయిని ఇచ్చట ఇంజనీరింగు వంటి చదువు చదివింప దలచితిరా?”

“దలచితిమి. ఆమెకు లెక్కలనిన ప్రాణము.”

“అట్లైన ఆ యాలోచన మానుడు. 1974లో రాష్ట్రపతి యిచ్చిన ఉత్తర్వు ననుసరించి మా కళాశాలలలో నూటికి 85 స్థానములు స్థానికులవి. అర్హత పరీక్ష వ్రాయు సంవత్సరముతో ముగియునట్లు వరుసగా 4 సంవత్సరములు ఇచ్చట చదివిన బాలిక స్థానికురాలు. తొమ్మిది, పది, ఇంటర్మీడియట్ రెండేండ్లు. వ్రేళ్ళు మడిచి చూడుడు, సరిగా నాలుగు. పది ముగించి వచ్చినచో రెండే మిగులును. తెలంగాణమునుండి వచ్చినవారికి రాష్ట్ర విభజన పిమ్మట కొంత సడలింపు నిచ్చి, గడువును పలుమారు పొడిగించిరి. మీకది వర్తింపదు.”

తండ్రి మౌనముగా వ్రేళ్ళు మడుచుకొనుచుండెను.

“బదిలీ పత్రము మరువకుడు,” అని ప్రధానోపాధ్యాయుడు మరల ననెను. “ఎనిమిదవ తరగతి వరకు పత్రమాలస్యమైనను 2009 నాటి విద్యాహక్కు చట్టము బిడ్డను కాపాడును. తొమ్మిదవ తరగతికి ఆ రక్ష లేదు. అచ్చటి విద్యాధికారి సంతకముతో తెచ్చుకొనుట మేలు. ఇక తెలుగు సంగతి మీరే చూచుకొనవలెను. ఆరు మాసములున్నవి.”

ఆ రాత్రి ఫోనులో భార్య చాలసేపు పలుకలేదు. భిలాయిలో ఆమె కుట్టిన రవికలు కొలతలు తీయకనే సరిపోవునంతటి పరిచయము నూరిండ్లవారితో నుండెను. జూన్ నాటికి కదలవలెననిన ఆ బేరమంతయు విడువవలెను. “యంత్రము రైలులో వచ్చును గాని బేరము రాదు గదా,” అనెను. పిదప, “పిల్ల నాలుగేండ్లు పోగొట్టుకొనకూడదు. ఇల్లు చూడుడు,” అనెను.

ఎలమంచిలిలో రైలు నిలుచు చోటికి చేరువ వీధిలో మేడమీది భాగమును అద్దెకు కుదుర్చుకొనిరి. కుళాయి నీరు ముసలమ్మ త్రాగి చూచి యొప్పుకొనెను. మెట్లు మాత్రము ఆమెకు కష్టమే. ఆ మాట ఆమె ఎవరితోను చెప్పలేదు. స్థలము కొనుట సంగతి రెండేండ్ల పిమ్మట చూచుకొనవచ్చునని బ్యాంకులోని సొమ్మును కదలింపలేదు.

భిలాయిలో ఆ శీతకాలమంతయు నాయనమ్మ మనుమరాలికి ఓనమాలు దిద్దించెను. ఆమె చదువుకొనినది మూడవ తరగతి వరకే. ఒత్తులు వచ్చినపుడు ఆమెకును సందేహమే. వేసవి సెలవులలో కుటుంబము ఎలమంచిలి చేరెను. మరునాటి ఉదయము తండ్రి పనికి పోవుచుండగా బాలిక బస్సు నిలుచు చోటి వరకు వెంట పోయి, బస్సు నుదుటి మీది బోర్డు వంక చాలసేపు చూచెను. “న... క... దాని క్రింద ఇంకొక క...” అని కూడబలుకుకొని, “నక్కపల్లి!” అని బిగ్గరగా చదివెను.

“ఆ యూరిలో నక్కలున్నవా, నాన్నా?” అని యడిగెను. బస్సు కదలుచుండగా తండ్రి కిటికీలోనుండి నవ్వుచు చేయి యూపెను.