మోటారుకు చోటెక్కడ?

తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంత ధ్రువాల మధ్య అది ఎందుకు తిరుగుతుందో మీరు పాఠంలో చదువుకున్నారు. ఆ మోటారును బండికి బిగిస్తే బండి నడవాలి కదా! నడిచింది కూడా. 1881లో బెర్లిన్ సమీపాన లిక్టర్‌ఫెల్డెలో వెర్నర్ సీమెన్స్ విద్యుత్ ట్రాం నడిపాడు. 180 ఓల్టుల కరెంటు ఒక పట్టాలో వచ్చి, రెండో పట్టాలో తిరిగి వెళ్లేది. రెండు పట్టాలనూ ఒకేసారి తొక్కిన గుర్రం గతి ఏమిటో ఊహించండి! నడివీధికి ఆ పద్ధతి పనికిరాదు.

1887లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో ట్రాంల పనిని ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు ఒప్పుకున్నాడు. 12 మైళ్ల లైను, 40 బండ్లు, గడువు 90 రోజులు. బండ్లు తృప్తికరంగా నడిస్తేనే డబ్బు!

కరెంటును తలపైన కట్టిన తీగ నుంచి తీసుకున్నాడు. బండి కప్పు మీద ఒక కర్ర, దాని చివర గాడి ఉన్న చిన్న చక్రం. స్ప్రింగు బలంతో ఆ చక్రం తీగను కిందినుంచి ఒత్తుతూ దొర్లుతుంది. కరెంటు పట్టాల గుండా తిరిగి వెళుతుంది.

అసలు చిక్కు మోటారును ఎక్కడ పెట్టాలన్నది. బండిలో పెట్టి బెల్టు వేస్తే జారుతుంది. పళ్లచక్రాలు వేద్దామంటే, బండి ఊగినప్పుడల్లా మోటారుకూ ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది. పళ్లు విడిపోతాయి, లేదా విరుగుతాయి. పోనీ మోటారు బరువంతా ఇరుసు మీదే మోపితే, పట్టాల ప్రతి అతుకు దగ్గరా దానికి దెబ్బే.

స్ప్రేగ్ మోటారు ఒక పక్కను బేరింగులతో ఇరుసుకే తగిలించి, రెండో పక్కను స్ప్రింగుల మీద నిలిపాడు. మీ వృత్తలేఖినిని గుర్తు తెచ్చుకోండి. పెన్సిలు ఎటు తిరిగినా ముల్లుకూ దానికీ మధ్య దూరం మారదు. ఇదీ అంతే. బండి ఎంత కుదిపినా మోటారు ఇరుసు చుట్టూ కొద్దిగా ఊగుతుంది, పళ్లు మాత్రం కలిసే ఉంటాయి. మన గూడ్సు రైళ్లను లాగే డబ్ల్యు.ఎ.జి.-7 ఇంజన్లలో మోటార్లను అమర్చింది ఈ పద్ధతిలోనే.

కాని రిచ్‌మండ్‌లో 100 అడుగులకు 10 అడుగులు లేచే ఎత్తులున్నాయి. పరీక్షకు నడిపిన బండి కష్టపడి గుట్ట ఎక్కింది గాని, మోటారు చెడి ఆగిపోయింది. చుట్టూ జనం. స్ప్రేగ్ తన సహాయకుణ్ణి “సాధనాలు” తెమ్మని గట్టిగా చెప్పి పంపి, దీపాలార్పి బండిలోనే పడుకున్నాడు. జనం వెళ్లిపోయాక వచ్చిన సాధనాలు ఏమిటనుకున్నారు? నాలుగు కంచరగాడిదలు!

కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చుట్టలు మాడింది అందుకే. పళ్లచక్రాల జత ఇంకొకటి చేర్చడంతో, మోటారు ఎక్కువ చుట్లు తిరిగి, తక్కువ కరెంటుతోనే చక్రానికి కావలసిన బలం ఇవ్వగలిగింది. 1888 ఫిబ్రవరి 2న ట్రాంలు ప్రయాణికులతో నడిచాయి. ఆ పనిలో స్ప్రేగ్‌కు నష్టమే వచ్చింది.

ఆ ఏడాదే బోస్టన్ నగర ట్రాం కంపెనీ అధిపతి హెన్రీ విట్నీ చూడవచ్చాడు. చాలా బండ్లు ఒకేచోట కదిలితే కరెంటు చాలుతుందా అని ఆయన అనుమానం. స్ప్రేగ్ ఒక రాత్రి 22 బండ్లను వరుసగా నిలిపి, ఒకదాని వెనుక ఒకటి కదిలించాడు. 500 ఓల్టులు 200కు పడిపోయాయి, దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. కాని 22 బండ్లూ కదిలాయి. విట్నీ బోస్టన్‌కు విద్యుత్ ట్రాంలనే ఎంచుకున్నాడు.