బ్యాక్టీరియాలో ఇనుము శోషణ – నియంత్రణ

నేపథ్యం

భూపటలంలో ఆక్సిజన్, సిలికాన్, అల్యూమినియం తర్వాత అత్యధికంగా లభించే మూలకం ఇనుము. ద్రవ్యరాశిలో దీని వాటా దాదాపు 5 శాతం. ఇంత సమృద్ధిగా ఉన్నా సూక్ష్మజీవులకు ఇది అరుదైన పోషకమే. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం వాతావరణంలో ఆక్సిజన్ పెరగడం ఇందుకు మూలకారణం. ఆక్సిజన్ సమక్షంలో నీటిలో కరిగే ఫెర్రస్ రూపం ఆక్సీకరణం చెంది ఫెర్రిక్ రూపంలోకి మారుతుంది. తటస్థ పీహెచ్ వద్ద అది ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌గా అవక్షేపం చెందుతుంది.

ఈ స్థితిలో కరిగి ఉండే స్వేచ్ఛా ఫెర్రిక్ అయాన్లు లీటరుకు సుమారు 10⁻¹⁸ మోల్‌లు మాత్రమే. అధిక శాతం బ్యాక్టీరియా పెరుగుదలకు కావాల్సింది 10⁻⁶ మోల్‌ల స్థాయి. లభ్యతకు, అవసరానికి మధ్య వ్యత్యాసం లక్ష కోట్ల రెట్లు.

ఇనుము – ఆవశ్యకత, ప్రమాదం

సైటోక్రోమ్‌లు, ఇనుము–గంధకం ప్రోటీన్‌లు, నత్రజని స్థాపనకు తోడ్పడే నైట్రోజినేజ్, డీఎన్‌ఏ నిర్మాణ ఘటకాలను తయారుచేసే రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్‌లలో అనేకం ఇనుముపై ఆధారపడతాయి. శ్వాసక్రియకూ కణవిభజనకూ ఇది అవసరం.

కణంలో స్వేచ్ఛగా మిగిలిన ఇనుము మాత్రం హానికరం. ఫెర్రస్ అయాన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్‌ను విడుదల చేస్తుంది. ఇది డీఎన్‌ఏను, ప్రోటీన్‌లను ఛేదిస్తుంది. ఇదే ఫెంటన్ చర్య. 1894లో హెన్రీ ఫెంటన్ ప్రచురించిన పరిశోధన దీనికి ఆధారం. కొరత పెరుగుదలను ఆపుతుంది, మితిమీరితే కణానికే ముప్పు. నియంత్రణ వ్యవస్థ అవసరం ఇక్కడే ఏర్పడింది.

సిడెరోఫోర్‌లు – వర్గీకరణ

ఇనుము కొరత ఏర్పడినప్పుడు బ్యాక్టీరియా పరిసరాల్లోకి స్రవించే, ఫెర్రిక్ అయాన్‌ను బలంగా బంధించే చిన్న కర్బన అణువులే సిడెరోఫోర్‌లు. గ్రీకు భాషలో ఈ పదానికి ‘ఇనుమును మోసేది’ అని అర్థం. ఇనుమును బంధించే రసాయన సమూహం ఆధారంగా ఇవి ప్రధానంగా మూడు రకాలు:

• కాటెకోలేట్ రకం: ఈ.కోలై, సాల్మొనెల్లాల ఎంటెరోబాక్టిన్. దీన్ని 1970లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా గుర్తించాయి.
• హైడ్రాక్సమేట్ రకం: స్ట్రెప్టోమైసిస్ పిలోసస్ నుంచి లభించే డెస్‌ఫెర్రియాక్సమిన్–బి.
• కార్బాక్సిలేట్ రకం: స్టాఫిలోకోకస్ ఆరియస్ స్రవించే స్టాఫైలోఫెర్రిన్‌లు.

ఒకటికి మించిన సమూహాలు గలవి మిశ్రమ రకం. సూడోమోనాస్ పయోవెర్డిన్, క్షయకారక మైకోబ్యాక్టీరియమ్ ఉత్పత్తి చేసే మైకోబాక్టిన్ ఈ కోవకు చెందుతాయి.

కణంలోకి రవాణా

గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా బాహ్య పొరలోని పోరిన్ రంధ్రాల గుండా సుమారు 600 డాల్టన్‌ల లోపు అణువులే ప్రవేశిస్తాయి. ఇనుమును మోస్తున్న ఎంటెరోబాక్టిన్ అంతకన్నా పెద్దది. అందువల్ల దీనికి ఫెప్–ఏ అనే ప్రత్యేక గ్రాహకం ఉంటుంది. బాహ్య పొర వద్ద ఏటీపీ లభించదు. అంతర పొర వద్ద ఏర్పడే ప్రోటాన్ ప్రేరక శక్తిని టాన్–బి, ఎక్స్‌బ్–బి, ఎక్స్‌బ్–డి ప్రోటీన్‌ల సముదాయం గ్రాహకానికి అందిస్తుంది. పెరిప్లాజమ్‌లో ఫెప్–బి ప్రోటీన్ ఇనుముతో కూడిన ఎంటెరోబాక్టిన్‌ను అందుకుంటుంది. అంతర పొరను దాటడానికి ఏటీపీ వినియోగమవుతుంది. కణద్రవ్యంలో ఫెస్ అనే ఎంజైమ్ ఎంటెరోబాక్టిన్‌ను ఛేదించగా, ఇనుము ఫెర్రస్ రూపంలోకి క్షయకరణం చెంది వినియోగానికి వస్తుంది.

ఆక్సిజన్ లేని పరిసరాల్లో కరిగే ఫెర్రస్ రూపమే లభిస్తుంది. దాన్ని ఫియో అనే వేరే వ్యవస్థ నేరుగా లోపలికి చేరవేస్తుంది.

ఫర్ ప్రోటీన్ – ప్రధాన నియంత్రకం

ఫెర్రిక్ అప్‌టేక్ రెగ్యులేటర్‌కు సంక్షిప్త రూపం ఫర్. ఈ.కోలైలో దీని పొడవు 148 అమైనో ఆమ్లాలు, అణుభారం సుమారు 17 కిలోడాల్టన్‌లు. క్లాస్ హాంట్‌కే 1981లో ఈ.కోలైలో ఫర్ ఉత్పరివర్తకాలను వర్ణించారు. ఫెర్రస్ అయాన్ సాయంతోనే ఫర్ డీఎన్‌ఏను బంధిస్తుందని 1987లో బ్యాగ్, నీలాండ్స్ నిరూపించారు. ఇది పనిచేసే క్రమం:

• ఇనుము తగినంత ఉన్నప్పుడు: ఫెర్రస్ అయాన్ సహనిరోధకంగా ఫర్‌తో కలుస్తుంది. రెండు ఉపప్రమాణాలు గల ఫర్ అణువు, ప్రమోటర్ వద్ద ఫర్ బాక్స్‌గా పిలిచే 19 క్షార జతల వరుసకు అతుక్కుంటుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు దారి మూసుకుపోయి సిడెరోఫోర్, గ్రాహక జన్యువుల అనులేఖనం ఆగిపోతుంది.
• ఇనుము తగ్గినప్పుడు: ఫర్ నుంచి ఫెర్రస్ అయాన్ విడిపోతుంది. ఫర్ డీఎన్‌ఏను వదులుతుంది. జన్యువులు వ్యక్తమై సేకరణ మొదలవుతుంది.

ఈ.కోలైలో 90కి పైగా జన్యువులు ఫర్ ఆధీనంలో ఉన్నాయి. ఫెర్రిక్ సిట్రేట్ సేకరణకు మరో షరతు కూడా ఉంది. ఇనుము కొరతతో పాటు కణం వెలుపల ఫెర్రిక్ సిట్రేట్ నిజంగా ఉండాలి. దాన్ని ఫెక్–ఏ గ్రాహకం పసిగట్టి, ఫెక్–ఆర్ ద్వారా ఫెక్–ఐ అనే సిగ్మా కారకానికి సంకేతం పంపితేనే ఆ జన్యువులు మేల్కొంటాయి.

చిన్న ఆర్‌ఎన్‌ఏ – పొదుపు విధానం

కొరతలో రాబడి పెంచుకోవడం ఒక మార్గం, ఖర్చు తగ్గించడం రెండోది. మొదటిది సిడెరోఫోర్‌ల పని. రెండోది ఆర్‌వైహెచ్–బి అనే 90 న్యూక్లియోటైడ్‌ల చిన్న ఆర్‌ఎన్‌ఏ పని. దీన్ని 2002లో ఎరిక్ మాసే, సుజాన్ గాట్స్‌మన్ వెల్లడించారు. ఇనుము ఉన్నప్పుడు దీని తయారీని కూడా ఫర్ అణచి ఉంచుతుంది. కొరతలో విడుదలైన ఈ ఆర్‌ఎన్‌ఏ, హెచ్‌ఎఫ్‌క్యూ ప్రోటీన్ సాయంతో క్రెబ్స్ వలయపు సక్సినేట్ డీహైడ్రోజినేజ్, ఇనుము గల సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ తదితరాల సందేశక ఆర్‌ఎన్‌ఏలకు జతపడుతుంది. అవి విచ్ఛిన్నమవుతాయి. ఆదా అయిన ఇనుము అత్యవసర ప్రోటీన్‌లకు మిగులుతుంది.

మిగులు ఇనుము నిల్వకు ఫెర్రిటిన్, బ్యాక్టీరియోఫెర్రిటిన్ ఉన్నాయి. ఈ రెండూ 24 ఉపప్రమాణాలు గల బోలు గోళాలు. నిల్వకు తోడ్పడే మరో ప్రోటీన్ డీపీఎస్‌లో ఉపప్రమాణాలు 12.

ఇతర నియంత్రకాలు

అనేక గ్రామ్ నెగెటివ్ జీవుల్లోనూ, బాసిల్లస్, స్టాఫిలోకోకస్‌లలోనూ నియంత్రకం ఫర్. కంఠసర్పి కారక కోరినిబ్యాక్టీరియమ్ డిఫ్తీరియేలో ఆ స్థానం డీటీఎక్స్–ఆర్ ప్రోటీన్‌ది, క్షయకారకంలో ఐడీఈ–ఆర్‌ది. ఇనుము తగ్గితే కంఠసర్పి విషం అధికమవుతుందని 1936లోనే పాపెన్‌హైమర్, జాన్సన్ గమనించారు. విషపు జన్యువు బ్యాక్టీరియోఫేజ్‌ది, దాన్ని అణచే డీటీఎక్స్–ఆర్ బ్యాక్టీరియాది అన్న తేడాను గుర్తుంచుకోవాలి.

ప్రాధాన్యం

• ఆతిథేయి రక్షణ: మానవ శరీరం ట్రాన్స్‌ఫెర్రిన్, లాక్టోఫెర్రిన్‌లతో ఇనుమును బంధించి వ్యాధిజనకాలకు అందకుండా చేస్తుంది. దీన్ని పోషక రోగనిరోధకత అంటారు. సిడెరోకాలిన్ ప్రోటీన్ ఎంటెరోబాక్టిన్‌ను పట్టేస్తుంది. సాల్మొనెల్లా దానికి గ్లూకోజ్ చేర్చి, సాల్మోకెలిన్‌గా మార్చి తప్పించుకుంటుంది.
• వైద్యం: తరచూ రక్తమార్పిడి పొందే తలసేమియా రోగుల్లో పేరుకున్న ఇనుమును తొలగించడానికి డెస్‌ఫెర్రియాక్సమిన్ వాడతారు. సిడెరోఫోర్ భాగాన్ని జతచేసిన సెఫిడెరొకాల్ యాంటీబయాటిక్, ఇనుము రవాణా మార్గం ద్వారానే బ్యాక్టీరియాలోకి ప్రవేశిస్తుంది. దీనికి 2019 నవంబరులో అమెరికా ఆమోదం లభించింది.
• వ్యవసాయం: తెలుగు రాష్ట్రాల రైతులు తెగుళ్ల నివారణకు వాడే సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్, వేళ్ల వద్ద ఇనుమును సిడెరోఫోర్‌లతో బంధించి హానికర శిలీంధ్రాలకు దక్కనీయదు. దాని రక్షణ మార్గాల్లో ఇది ఒకటి.

మననం చేయాల్సిన అంశాలు

• సిడెరోఫోర్ బంధించేది ఫెర్రిక్ అయాన్‌ను, ఫర్ బంధించేది ఫెర్రస్ అయాన్‌ను. ప్రశ్నల్లో ఈ రెండింటినీ తారుమారు చేసే అవకాశం ఎక్కువ.
• ఫర్ ప్రధానంగా నిరోధకం. ఇనుము దానికి సహనిరోధకం.
• ఫర్ ఆర్‌వైహెచ్–బిని అణచుతుంది, ఆర్‌వైహెచ్–బి ఇనుము వాడే ప్రోటీన్‌లను తగ్గిస్తుంది. కాబట్టి ఇనుము సమృద్ధిగా ఉంటే ఆ ప్రోటీన్‌లు పెరుగుతాయి.
• ఇనుము ఆవశ్యకతకు మినహాయింపు: లైమ్ వ్యాధికారక బొరేలియా బర్గ్‌డోర్ఫెరై ఇనుముకు బదులు మాంగనీస్‌ను వాడుతుంది.