మాత్ర మింగితే విశ్వాసం తగ్గుతుందా?

కడుపులో ఒక మాట తిరుగుతాంది. మీతో అనేస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మా విడపనకల్లులో నాకు పిన్నమ్మ వరసయ్యే ఒకామె బీపీ మాత్రలు మానేసింది. నిజమైన విశ్వాసికి మాత్రలతో పనిలేదని ఫోన్లో ఎవరో బోధకుడు చెప్పినాడంట. "తలనొప్పి లేదు, కళ్లు తిరిగేది లేదు, దేవుడు ముట్టినాడమ్మే" అని ఇంటి ప్రార్థనలో సాక్ష్యం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నా నోటికి మాత్రం ఆ మాట రాలేదు. బీపీ ఉన్నోళ్లలో శానామందికి తలనొప్పీ ఉండదు, కళ్లూ తిరగవు. అది లోపల్లోపలే పెరుగుతా పోయి ఒకనాడు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది. నొప్పి లేదు కాబట్టి నయమైంది అనుకోవడానికి వీల్లేని జబ్బు అది. మాత్ర వేసుకుంటున్నందుకే అది అదుపులో ఉంటుంది. అదుపులో ఉంది కదా అని మాత్ర మానేస్తే ఏమవుతుందో మీరే చెప్పండి.

నేను డాక్టర్ని కాను, ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్పుకునేదాన్ని. అందుకే ఆ పక్కనుంచే మాట్లాడతా. హిజ్కియా రాజుకు చావు దాపురించింది. గోడ తట్టు తిరిగి ఏడ్చినాడు, దేవుడు విన్నాడు, పదిహేనేండ్ల ఆయుష్షు పెంచినాడు. ఇంతవరకూ మన ప్రసంగాల్లో వింటాం. ఆ తర్వాత యెషయా ప్రవక్త ఏం చేయించినాడో ఎవరూ చెప్పరు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి రాజు పుండుకు కట్టించినాడు! ప్రార్థన విన్న దేవుడికి ఆ కట్టు అడ్డం రాలేదు కదా. సువార్త రాసిన లూకా వైద్యుడే. తిమోతికి తరచూ కడుపు బాగుండదని తెలిసి, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు రాసినాడు. నీ విశ్వాసం చాలదు, ఇంకో ఉపవాసం ఉండు అని రాయలేదు.

మన రాయలసీమ సంగతే చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం 1915లో శానిటోరియం తెరిచినారు. వేర్వేరు క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టినది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ దాన్ని నడిపించినాడు. అప్పటికి క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ దొరకలేదు. మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, కడుపునిండా తిండి, ఇవే వైద్యం. మందులేని కాలంలో కూడా వాళ్లు మోకాళ్లూని ఊరుకోలేదు, రోగికి చేయగలిగినదంతా చేసినారు. ఇప్పుడు మందు ఉంది, సర్కారు ఊరికే ఇస్తాంది. సాధారణంగా ఆరు నెలలు మింగాల. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలిక పడుతుంది. అక్కడే మనవాళ్లు స్వస్థత అని మాత్రలు ఆపేస్తారు. లోపల మిగిలిన క్రిములు అప్పుడే ఆ మందుకు లొంగకుండా ముదురుతాయి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకూ అంటుతుంది.

అనంతపురం వాళ్లకు విన్సెంట్ ఫెర్రర్ గురించి నేను చెప్పాల్నా? జెస్యూట్‌గా మన దేశానికొచ్చి, 1969లో ఈ కరువు సీమకు చేరి, 2009లో ఇక్కడే కన్ను మూసినాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో, కణేకల్లులో ఆసుపత్రులు కట్టింది. మా పక్కకు దగ్గరున్నది కణేకల్లుదే. 2020లో కరోనా వచ్చినప్పుడు బత్తలపల్లి ఆసుపత్రి కోవిడ్ ఆసుపత్రి అయింది. విశ్వాసం తక్కువైనోళ్లు కట్టించినవా ఇవి?

"అయితే అట్లాంటి బోధలొచ్చే ఆ ఫోనే పారేస్తే పోలా!" అంటాడు మా ఇంటాయన. నేను ఒప్పుకోను. మా అత్తమ్మకు చదువు రాదు. ఇన్నేండ్లూ ఎవరో చదివి పెడితేనే వాక్యం. ఇప్పుడు ఆడియో బైబిలు పెట్టుకుని, కల్లంలో గోతం పరుచుకుని మిరపకాయలు ఏరుతా కీర్తనలు వింటాది. నచ్చిన చోట వేలితో వెనక్కి జరుపుకోవడం కూడా నేర్చింది. బెంగళూరులో కట్టడం పనికి పోయిన మా మరిది వాళ్లు రాత్రిపూట వీడియో కాల్లో కుటుంబ ప్రార్థనకు కూర్చుంటారు. సిగ్నల్ పోయి ఆయన నోరు తెరిచినట్టే ఆగిపోతే పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వనీ! ఒకప్పుడు వలసపోయినోళ్ల గొంతు వినాలంటే పండగ దాకా చూడాల్సిందే.

కాకపోతే ఒక్కటుంది, ఫోన్లో వచ్చినదాన్ని సరిచూసుకోవాల. విశాఖపట్నంలో క్రాన్, డిగ్రాంజస్ అనే మిషనరీలు 1805లో కాలు పెట్టి బైబిలును తెలుగు చేయడం మొదలెట్టినారు. ఇద్దరూ అయిదారేండ్లలోనే చనిపోయినారు. ప్రిచెట్ అనే ఇంకొకాయన కృషితో కొత్త నిబంధన అచ్చయ్యేసరికి 1818 వచ్చింది. పూర్తి బైబిలు చేతికి రావడానికి 1854 దాకా పట్టింది. అన్నేండ్లు పట్టింది అచ్చుయంత్రం వద్దనుకున్నందుకు కాదు, మాటలు దిద్దుకోవాల్సి వచ్చినందుకు కూడా. మనమేమో తెల్లారి లేచి, పళ్లు తోముకోకముందే, "దేవుని పేరట పదిమందికి పంపండి" అని వచ్చినదాన్ని చదవకుండానే తోసేస్తాం. కల్లంలో తాలుకాయలు ఏరకుండా బ్యాడిగి మార్కెట్టుకు ఎత్తుకపోతే ధర ఏం పలుకుతుందో మన మిరప రైతుల్ని అడగండి. దేవుని పేరు పెట్టినంత మాత్రాన తాలు మంచికాయ కాదు. అన్నీ పరీక్షించి మేలైనదాన్నే పట్టుకోమని పౌలు చెప్పింది వాట్సాప్‌కు కూడా వర్తిస్తుంది. ఏ బోధకుడైనా మాత్రలు మానండి అంటే, వీడియో కింద విరాళాలకు ఫోన్‌పే నంబరు ఉందేమో కూడా చూసుకోండి. కోపం తెచ్చుకోవద్దు, ఉన్నమాటే అన్నా.

ఇంకో గొడవ మా ఇంట్లోనే నడుస్తాంది. పాప పదో తరగతి. జీవశాస్త్రంలో అనువంశికత పాఠం వచ్చినప్పుడు, "అమ్మా, సైన్సు చదివితే దేవుడికి కోపం వస్తుందంట, నిజమేనా?" అని అడిగింది. ఎవరు చెప్పినారో నేను అడగలేదు. పుస్తకం తీయమన్నా. ఆ పాఠంలో బఠాణీ మొక్కలతో ప్రయోగాలు చేసిన మెండెల్ ఎవరనుకున్నారు? బ్రనో ఊర్లో మఠంలో ఉన్న సన్యాసి! 1856 నుంచి ఏడెనిమిదేండ్లు మఠం తోటలో బఠాణీలు పెంచి, 1866లో అచ్చు వేసినాడు. ఆయన బతికుండగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1884లో పోయినాడు. 1900లో గానీ లోకానికి దాని విలువ తెలియలేదు. ఆయన ఆ మఠానికే పెద్ద కూడా అయినాడు. పూజా మానలేదు, లెక్కా మానలేదు.

బఠాణీ పువ్వు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. రెండు రకాలు కలపాలంటే విచ్చుకోని మొగ్గను సుతారంగా విప్పి, పుప్పొడి తిత్తులను పట్టకారుతో తీసేసి, ఇంకో మొక్క పుప్పొడి అద్దాల. మన పప్పుశనగ పువ్వూ అంతే. మా నల్లరేగళ్లలో ఒకప్పుడు అన్నిగేరి శనగ వేసేవాళ్లు. ఎండు తెగులు వస్తే చేను చేనే వాడిపోయేది. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థ కలిసి, ఇట్లా రకాలు కలిపే పద్ధతితోనే, 1999లో జేజీ-11 అనే శనగ రకం ఇచ్చినాయి. ఆ తెగులును తట్టుకుంటుంది, తొందరగా కోతకొస్తుంది. అక్టోబరులో విత్తితే మళ్లీ వాన పడకపోయినా నేలలో ఉన్న పదునుతోనే పండుతుంది. విత్తనం చల్లే ముందు మన ఆడోళ్లు ప్రార్థన చేస్తారు, మంచిదే. ఆ గంపలో ఉన్న విత్తనం మాత్రం ఒక సన్యాసి తోటలో మొదలైన చదువు నుంచి వచ్చినదే.

"మరి ఆదికాండంలో ఆరు దినాలు?" అంది పాప. విశ్వం విస్తరిస్తాందని 1927లోనే లెక్క కట్టిన జార్జ్ లమేత్ర్ కూడా కతోలిక గురువే అని చెప్పినా. ఎవరు చేసినాడు, ఎందుకు చేసినాడు అని తెలుసుకోవడానికి నేను ఆదికాండం చదువుతా. ఎట్లా అయింది, ఎంతకాలం పట్టింది అంటే సైన్సు టీచరమ్మను అడగమంటా. మా పాస్టరుగారు దీనికి ఒప్పుకోరని నాకు తెలుసు. ఆయనతో వాదన ఇంకా తేలలేదు, తేలే దాకా వాదిస్తాం. పాప మాత్రం పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాస్తుంది.

పిన్నమ్మ సంగతి అడుగుతారు కదా. హిజ్కియా కథ చదివి వినిపించినా. "అంజూరం పండ్లు యాడ దొరుకుతాయే మనకు?" అంది. మాత్రలు దొరుకుతాయి కదా అన్నా. నవ్వింది గానీ ఇంకా మొదలెట్టలేదు. సోమవారం పొద్దున్నే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నేనే వెంటబెట్టుకుని పోతా. మీ సంఘంలోనూ బీపీ, చక్కెర, క్షయ మాత్రలు మానేసినోళ్లు ఉంటారు. వాళ్లను తిట్టొద్దు, నలుగురిలో నిలదీయొద్దు. ముందు కలిసి ప్రార్థన చేయండి, తర్వాత చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోండి. ఈ వారంలోనే పోండి, వచ్చే నెలకు వాయిదా వేయొద్దు.