ఎడారిలో దొరికిన తూటా గొట్టాలు మళ్లీ నింపొచ్చా?

ప్రశ్న: జహ్రా దగ్గర ఎడారిలో ఒంటెలు కాస్తున్నాను. ఇసుకలో ఇత్తడి తూటా గొట్టాలు దొరికాయి. రాయచోటి దగ్గర మా మామకు లైసెన్సు రైఫిల్ ఉంది. ఇవి తీసుకెళ్తే మందు నింపుకుని వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కువైట్

జవాబు: వద్దు తమ్ముడూ, ఒక్కటి కూడా తీసుకెళ్లొద్దు. తూటా గొట్టం ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేలినప్పుడల్లా అది సాగి పెళుసెక్కుతుంది. ఫ్యాక్టరీ తూటాను తామే కాల్చి, ఆ గొట్టాన్ని పగుళ్లు, పొడవు చూసుకుని మళ్లీ నింపేవాళ్లు కొన్ని దేశాల్లో ఉన్నారు. వాళ్లకు దాని చరిత్ర తెలుసు. మీకు దొరికినవి 1990–91 యుద్ధం నాటివైతే, ఇన్నేళ్ల తుప్పు లోపల ఏం చేసిందో పైకి కనబడదు. అలాంటిది చీలితే వేడి వాయువు మామ కళ్లలోకే కొడుతుంది. పైగా అది ఆ రైఫిల్ కొలతదో కాదో!

అడుగున మధ్యలో నొక్కు ఉన్నా ఖాళీదని నమ్మకండి. పేలకుండా మిగిలిపోయినదీ కావచ్చు. మన 1959 ఆయుధాల చట్టం తూటా భాగాలనూ తూటా కిందే లెక్కగడుతుంది. విమానాశ్రయంలో దొరికితే కేసే. మామకు కావలసినవి లైసెన్సున్న దుకాణంలో కొనుక్కోమనండి.

గదిలో ఇప్పటికే పెట్టుకుని ఉంటే సుత్తితో కొట్టొద్దు, వేడి చేయొద్దు. యజమానికి చెప్పి పోలీసులకు కబురు చేయండి. ఎడారిలో తల ఉన్న తూటా, గుండు, తెలియని లోహపు వస్తువు ఏది కనిపించినా తాకకుండా వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, వెంటనే 112కు ఫోన్ చేయండి.