వాకిలికీ ఒక డిజైనర్ కావాలి

2016 అక్టోబరులో జిల్లా కేంద్రం అయ్యాక జనగామ చుట్టూ కొత్త కాలనీలు చాలానే వెలిశాయి. ఆ ఇళ్లలో హాలు సీలింగ్ ఎలా ఉండాలో, వంటగది అరలకు ఏ రంగు వేయించాలో ఇంటిల్లిపాదీ నెలల తరబడి మాట్లాడుకుంటారు. గేటుకూ గుమ్మానికీ మధ్య ఉన్న జాగా మాత్రం గృహప్రవేశానికి పది రోజుల ముందు గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది. ‘సీసీ పోయించేద్దాం’ అని ఒకరు, ‘మిగిలిన గ్రానైట్ అక్కడే వేసేయ్ మేస్త్రీ’ అని ఇంకొకరు. ఏప్రిల్ మధ్యాహ్నం దానిమీద ఉత్త కాళ్లతో అడుగు పెట్టలేరు. జులైలో నీళ్లు గడప దాకా వస్తాయి.

ఆ జాగా గురించి ముందే కూర్చుని ఆలోచించే మనిషి మన ఊళ్లలో దాదాపు లేడు. పదో తరగతి పాసైన కుర్రాడి నుంచి ఆర్కిటెక్చర్ చదివిన అమ్మాయి దాకా అక్కడ పని ఉంది. ఇంటి బయట పరిచే బండలు, మెట్లు, అరుగులు, నడకదారి, ప్రహరీ, పందిరి, నీరు పోయే కాలువ, వీటన్నిటి డిజైన్‌ను హార్డ్‌స్కేపింగ్ అంటారు. అమెరికాలోని ఫీనిక్స్‌లోనూ దుబాయ్‌లోనూ ఇది ఏనాడో స్థిరపడిన వృత్తి. ఎడారిలో పచ్చిక పెంచడం నీళ్ల దండగ కాబట్టి అక్కడ పెరడంటే కంకర, బండ, నీడ. ఆ ఫొటోలు ఇప్పుడు మన ఇళ్ల యజమానుల ఫోన్లలోకి వచ్చేశాయి. ‘మాకూ ఇలాగే కావాలి’ అని చూపిస్తారు. వాళ్లకు అవునని చెప్పడం తేలిక. ఎక్కడ కుదరదో చెప్పగలిగినవాడికే ఈ పనిలో నాలుగు కాలాలు నిలబడే పేరు వస్తుంది.

ఎందుకు కుదరదో చూడండి. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన దాదాపు 180 మిల్లీమీటర్లు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 616 మిల్లీమీటర్లు పడింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో అదే రోజు దాదాపు 650. అంటే ఆ ఎడారి నగరానికి మూడేళ్లలో దొరికే వాన కంటే ఎక్కువ మనకు ఒక రాత్రీ పగలూ కలిపి దిగింది. అది అరుదైన వానే, నిజం. కానీ గంటలో 50 మిల్లీమీటర్లు పడటం మనకు అరుదు కాదు. వంద చదరపు మీటర్ల సిమెంటు వాకిలి మీద ఆ 50 మిల్లీమీటర్లు పడితే ఐదు వేల లీటర్లు. ఒక ట్యాంకరు నీళ్లు. అవి ఎటు పోవాలి? ఎడారి డిజైన్‌లో ఈ ప్రశ్నకు మన స్థాయి జవాబు వెతకాల్సిన పనే లేదు. మూడు నెలలు ఎడారి, మూడు నెలలు వరద, రెండింటికీ ఒకే వాకిలి ఆగాలి. ఇక్కడి డిజైనర్‌కు పరీక్ష అదే.

ఎండ విషయంలోనూ కాపీ పనికిరాదు. ఫీనిక్స్ నగరం 2020 నుంచి రోడ్లకు వేడిని తిప్పికొట్టే లేత రంగు పూత వేయించింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొలిచి చూస్తే మధ్యాహ్నం రోడ్డు ఉపరితలం పదిన్నర నుంచి 12 ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లబడింది. అయితే ఆ రోడ్డు మీద నడిచే మనిషికి తగిలే వేడి ఐదున్నర డిగ్రీలు పెరిగింది. నేల తాగాల్సిన ఎండ ఎగిరి ఒంటిమీద పడింది మరి. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. మిద్దె మీద తెల్ల పూత మంచిదే, అక్కడ మధ్యాహ్నం ఎవరూ కూర్చోరు. అదే తెలుపును వాకిలంతా పరిస్తే కళ్లు చెదురుతాయి, గోడలు కాగుతాయి. మనుషులు తిరిగే చోట రంగు కంటే నీడ ముఖ్యం.

నీడ ఎటు పడుతుందన్నది లెక్క. జనగామ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. 33 డిగ్రీల దగ్గరున్న ఫీనిక్స్‌లో ఏ రోజూ అలా జరగదు, మధ్యాహ్నపు ఎండ ఎప్పుడూ దక్షిణం నుంచే. కాబట్టి అక్కడి పందిరి ప్లాన్లు దక్షిణాన్ని కాస్తాయి. మనకు పైకప్పు కావాలి, అంతకంటే ముఖ్యంగా పడమటి అడ్డు కావాలి. మూడు నుంచి ఐదున్నర మధ్య ఏటవాలుగా వచ్చే ఎండను పై పలకలు ఆపలేవు. నిలువు జాలీయో, రాధామనోహరం తీగ పాకించిన తడకో, ఒక వేప చెట్టో ఆపుతుంది. ఇంటర్నెట్ బొమ్మ చూసి పని చేసేవాడికీ డిజైనర్‌కీ తేడా ఇలాంటిచోటే తెలుస్తుంది. ఎడారి నుంచి మొక్కలు తెచ్చుకున్న కథ కూడా ఇంతే. గల్ఫ్‌లో దుమ్ము ఆపడానికి నాటే కోనోకార్పస్‌ను మనవాళ్లు పచ్చదనం తొందరగా వస్తుందని వీధి వీధినా పెట్టారు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది.

మన పాత వాకిలి ఈ లెక్కలు చాలా వరకు తెలిసినదే. మట్టి నేల, పొద్దున్నే సాన్పు, పక్కన వేప, గోడను ఆనుకుని అరుగు. తడి ఆరుతూ చల్లబరిచేది, వాన ఇంకేది. అయితే దాన్ని తలచుకుని మురిసిపోవడం వద్దు. ఆ వాకిలి వెనక రోజూ తెల్లారగట్ల నడుము వంచిన ఆడవాళ్ల చాకిరీ ఉంది. తిరిగి మట్టి వాకిలి పెట్టమంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు. ఊడ్చుకోవడానికి తేలికగా ఉండి, నీరు ఇంకి, కాలు కాలని నేల ఏది? దీనికి జవాబు చెప్పినందుకే డబ్బులిస్తారు.

జవాబులో సగం రాళ్ల పరిజ్ఞానం. తాండూరు బండలు, షాబాదు బండలు, బేతంచర్ల బండలు సున్నపురాయి జాతి. లేత రంగువి ఎండకు తక్కువ కాగుతాయి. గరుకుగా ఉన్నవి వాకిలికి, నునుపు చేసినవి లోపలికి. పాలిష్ చేసిన నల్ల గ్రానైట్‌ను బయట పరచడం నా దృష్టిలో నేరం లాంటిదే. ఎండలో కాలుతుంది, చినుకు పడితే పెద్దవాళ్ల తుంటి విరుగుతుంది. అదే గ్రానైట్‌ను మంటతో గరుకు చేయించి మెట్లకు వాడితే తరతరాలుంటుంది. గ్రానైట్ నేలలో పుట్టినవాళ్లం, వడ్డెరలు కొట్టిన రాయి, పొలాల గట్ల మీది పాత కడీలు ఇక్కడే దొరుకుతాయి. పందిరి స్తంభాలుగా, కూర్చునే బల్లలుగా వాటిని వాడే డిజైనర్‌కు రవాణా ఖర్చు మిగులుతుంది, పనికి ఊరి మొహమూ వస్తుంది.

ఇంటర్‌లాక్ ఇటుకలు పరిచేవాళ్లు ఐఎస్ 15658 ప్రమాణం చదవాలి. నడకకు మాత్రమే అయితే 50 మిల్లీమీటర్ల మందం, కారు ఎక్కే చోట 60. ఇటుక మంచిదై కింద బెడ్డు చెడ్డదైతే రెండో వానకే గుంతలు పడతాయి. మొరం పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, పైన పలుచగా ఇసుక పరచాలి. ఈ దిమ్మిస దగ్గరే అందరూ మిగుల్చుకోవాలని చూస్తారు. హైదరాబాద్ కొత్తగూడలో 2004లో ప్రారంభమైన సీఐఐ–సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో పార్కింగ్ నేలకు గళ్ల బిళ్లలు పరిచి, గళ్ల మధ్య గడ్డి పెంచారు. నీళ్లు ఇంకే నేల ఎలా ఉంటుందో చూడాలంటే ఒకసారి వెళ్లి రండి.

మిగతా సగం వాటం. ఎనభైకి ఒకటి లెక్కన వాటం పెడితే ఇరవై అడుగులకు మూడు అంగుళాలు దిగాలి. రసమట్టం చూసి, దారం కట్టి, ఆ నీళ్లను ఇంకుడు గుంతలోకి తీసుకుపోవాలి. వాల్టా చట్టం 2002 నుంచీ వాన నీటి సంరక్షణ గురించి చెబుతూనే ఉంది. చాలా ఇళ్లలో అనుమతి కాగితం మీది గుంత ఒకచోట, వాకిలి వాటం మరోవైపు.

ఇక చదువు. పది తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు. పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమా చేస్తే మూడేళ్లు, వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్ దగ్గరే. ఇంటర్ ఎంపీసీ వాళ్లు నాటా రాస్తే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలోనూ ప్రైవేటు కళాశాలల్లోనూ ఐదేళ్ల బీఆర్క్ చేరవచ్చు. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కు దారి జేఈఈ మెయిన్ రెండో పేపరు. తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో పీజీకి దిల్లీ ఎస్‌పీఏ, అహ్మదాబాద్ సెప్ట్ పేరున్నవి. బైపీసీ వాళ్లకు కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ ఉంది. మొక్క తెలిసినవాడూ బండ తెలిసినవాడూ జట్టు కడితే బాగుంటుంది, ఇద్దరికీ విడివిడిగా దొరకని పనులు వస్తాయి. ఒక జాగ్రత్త: 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదు కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు. డిప్లొమా వాళ్లు ల్యాండ్‌స్కేప్ డిజైనర్, వాకిలి కాంట్రాక్టర్, ఏదైనా రాసుకోండి, ఆ మాట తప్ప.

ఇప్పటికే తాపీ పట్టినవాళ్లకు డిగ్రీ అక్కర్లేదు. 1998లో మొదలైన హైదరాబాద్ జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ న్యాక్ అంటారు, తాపీ, ప్లంబింగ్ వంటి పనుల్లో స్వల్పకాలిక శిక్షణ ఇస్తుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీ మేస్త్రీలూ రాళ్లు కొట్టేవాళ్లూ ఉన్నారు. శిక్షణ రోజులకు రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000, రెండు విడతలుగా రూ.3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. నాకు తెలిసిన మంచి హార్డ్‌స్కేప్ కాంట్రాక్టర్లలో ఎక్కువమంది ఇటువైపు నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు లోపించేది డ్రాయింగ్ ఒక్కటే. స్కెచ్‌అప్, ఆటోక్యాడ్ నేర్చుకున్న చెల్లెలో కొడుకో ఇంట్లో ఉంటే ఆ లోటు కూడా తీరుతుంది.

అనుభవం లేనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొనండి, పెద్ద ఖరీదు కాదు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మీ వాడలోని సీసీ, తాండూరు బండ, నల్ల గ్రానైట్, ఇంటర్‌లాక్ ఇటుక, వేప నీడలోని మట్టి, ఒక్కోదాని వేడి కొలిచి రాసుకోండి. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ కొలవండి, పగటి వేడిని ఏది దాచుకుని కక్కుతోందో తెలుస్తుంది. జులైలో అవే వాకిళ్లలో నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫొటో తీయండి. ఇలాంటి నాలుగు వాకిళ్ల రికార్డు, దానికి మీరు గీసిన మార్పులు, ఇదే మీ పోర్ట్‌ఫోలియో. ఇంటర్వ్యూలో మెరిసే త్రీడీ బొమ్మల కంటే ఇది పని చేస్తుంది.

యజమానిని అడిగే ప్రశ్నలు కూడా నేర్చుకోవాలి. కారు ఎక్కడ ఆగుతుంది అన్నది అందరూ అడుగుతారు. మిర్చి, వడియాలు ఎక్కడ ఎండబెడతారమ్మా? బతుకమ్మ ఎక్కడ పెట్టి ఆడతారు? పెళ్లికి షామియానా గుంజలు ఎక్కడ పాతుతారు? గుంజలకు ముందే ఇనుప గొట్టాలు పాతి మూతలు పెట్టకపోతే, కొత్త బండల్ని గునపాలతో పొడిచేది మీరు కట్టిన ఇంట్లోనే. ఈ ప్రశ్నలు ఇంటి ఆడవాళ్లతో మాట్లాడితేనే తేలతాయి. అమ్మాయిలు ఈ రంగంలోకి రావడానికి ఇదొక మంచి కారణం.

గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్లకు అక్కడ ఇంటర్‌లాక్, టైల్ పనివాళ్లకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా గానీ, ఈ–మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు ద్వారా గానీ వెళ్లండి. ఏజెంటు తీసుకోదగిన రుసుము రూ.30,000, దానిమీద జీఎస్టీ, అంతే. పది పాసైతే పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తిప్పలు ఉండవు. పది వదిలేసి వెళ్దామనుకునే కుర్రాళ్లు ఈ ఒక్క కారణానికైనా ఆగి పరీక్ష రాయాలి.

ఇక్కడే ఉండేవాళ్లు మొదట్లో డిజైన్‌కు వేరుగా, పనికి అడుగు లెక్కన వేరుగా బిల్లు రాయండి. డిజైన్ ఉచితం అని ఒక్కసారి నోరు జారితే ఇక ఎవరూ ఇవ్వరు. ఒప్పంద పత్రంలో వాటం ఎంత, బెడ్డు మందం ఎంత, ఇంకుడు గుంత ఎవరి బాధ్యత, మూడూ రాయించుకోండి. చివరి విడతలో కొంత మొత్తాన్ని మొదటి పెద్ద వాన తర్వాత తీసుకుంటామని మీరే రాసిస్తే యజమాని బేరం సగం తగ్గుతుంది. మే నెలాఖరుకు ముగిసే పనులు పట్టుకుంటే ఆ డబ్బు కోసం ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు.