డిస్కు మార్పిడి – అక్షర రక్షణ

అచ్చుయంత్రం రాకముందు మన గ్రంథాలు తాళపత్రాల మీద ఉండేవి. తాటియాకు ఎంత జాగ్రత్తగా కాపాడినా శాశ్వతం కాదు. చెదలు, తేమ, పురుగు, అగ్ని దానికి సహజ శత్రువులు. అందువల్ల ఆకు శిథిలం కాకముందే అందులోని పాఠాన్ని కొత్త ఆకుల మీదికి ఎక్కించుకునే ఆచారం ఏర్పడింది. దానినే ప్రతి తీయడం అంటారు. అలా ప్రతులు తీసిన లేఖకులలో చాలామంది పేర్లు మనకు తెలియవు. కాని వారే లేకపోతే మనకు కావ్యాలు లేవు. పంతొమ్మిదవ శతాబ్దిలో కడపలో నివసించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి, ఒకే గ్రంథానికి చెందిన పలు ప్రతులను సేకరింపజేసి, వాటిని పోల్చి చూపించి శుద్ధప్రతులు వ్రాయించాడు.

నేటి విద్యార్థి వ్రాసేది ఘంటంతో కాదు, మీటలతో. ఆ వ్రాత నిలిచేది కంప్యూటరులోని డిస్కు మీద. ఆ డిస్కు కూడా తాటియాకు వలెనే నశించేది. అది నశించకముందే అందులోని సమాచారాన్ని కొత్త డిస్కులోకి తరలించడం ఈ కాలపు ప్రతిలేఖనం.

హార్డ్ డిస్కు నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి హార్డ్ డిస్కులో ఇరవైనాలుగు అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఉండేవి. బీరువాల వంటి ఆ యంత్రం నిలుపుకోగలిగినది సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేటి డెస్క్‌టాప్ డిస్కు అరచేతిలో ఇముడుతుంది. దానిలో అయస్కాంతపు పూత గల పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటిపై వెంట్రుక మందం కంటె ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో, పళ్లేన్ని తాకకుండా, చదివే శిరస్సు కదులుతుంది. తాకితే పూత గీచుకుపోతుంది. అక్కడి అక్షరం పోతుంది. ఇటీవలి ఎస్.ఎస్.డి.లలో తిరిగే భాగాలేవీ లేవు. అవి ఎలక్ట్రానిక్ చిప్పులతో నిర్మితమైనవి. కనుక వేగం ఎక్కువ, చప్పుడు లేదు. అంతమాత్రాన అవి అజరామరాలని భ్రమపడరాదు. హార్డ్ డిస్కు తరచుగా మూలుగుతూ పోతుంది, ఎస్.ఎస్.డి. ఒక్కొక్కప్పుడు చెప్పకుండానే పోతుంది.

నా డెస్క్‌టాప్ మూలిగింది 2019లో. అప్పటికి దానికి పదేళ్లు. ఫైలు తెరవడానికి నిమిషాలు పట్టడం, నడుమ నడుమ లోపలినుండి టక్, టక్ మనే శబ్దం రావడం మొదలైంది. అందులో నా పరిశోధన కాలపు పాఠాంతరాల పట్టికలున్నాయి. అంతకంటె విలువైనవి, 1996లో మా గురువుగారు ప్రబంధ పద్యాలను చదివి వివరించగా క్యాసెట్లలో పట్టుకున్న ప్రసంగాలున్నాయి. పదమూడు క్యాసెట్లు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించిన తరువాత టేపులు బూజుపట్టి పనికిరాకుండా పోయాయి. గురువుగారు కూడా గతించారు. ఆ కంఠస్వరానికి ఆ డిస్కు ఒక్కటే ఆధారమని ఆ శబ్దం విన్న రోజున గాని నాకు స్ఫురించలేదు. తాళపత్రాల సంరక్షణ గురించి ముప్పై ఏళ్లుగా పాఠాలు చెప్పినవాడికి ఇది తగిన శిక్షే!

ఇక్కడ ఒక ముఖ్యమైన నిర్ణయం చేయవలసి ఉంటుంది. డిస్కు ఆరోగ్యంగా ఉంటే దానిని యథాతథంగా కొత్త డిస్కులోకి దింపవచ్చు. దీనిని క్లోనింగ్ అంటారు. విండోస్, ప్రోగ్రాములు, ఫైళ్లు, చివరకు తెరమీది బొమ్మతో సహా అన్నీ ఉన్నవి ఉన్నట్లు వస్తాయి. క్లోనెజిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి. అయితే కొత్త డిస్కు సామర్థ్యం పాతదానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండటం క్షేమం. చిన్న డిస్కులోకి దించాలంటే ముందుగా పాతదానిలోని విభాగాలను కుదించాలి. రోగగ్రస్తమైన డిస్కు విషయం వేరు. మొదటి గది నుండి చివరి గది వరకు చదివించడం దానికి పెను శ్రమ. ఆ శ్రమలోనే అది ప్రాణం విడువవచ్చు. అటువంటప్పుడు దోషాలను సరిదిద్దే ప్రోగ్రాములను దానిమీద నడపకుండా, తిరిగి సంపాదించలేని వాటిని ముందుగా బయటి డిస్కులోకి తీసుకోవాలి. సినిమాలు, పాటలు ఆఖరున. విండోస్ మళ్లీ దొరుకుతుంది; గురువుగారి గొంతు దొరకదు.

నేను రెండవ మార్గమే అనుసరించాను. పన్నెండు క్యాసెట్ల ఫైళ్లు నెమ్మదిగానైనా వచ్చాయి. ఏడవది సగంలో ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ అక్కడే ఆగింది. డిస్కును ఆ రాత్రికి విశ్రమింపనిచ్చి, మిగిలినవన్నీ మరునాడు తీసుకున్నాను.

ఇక డిస్కు మార్చే విధానం. కంప్యూటరును ఆపివేసి, ప్లగ్గును గోడనుండి తీసివేయాలి. తరువాత పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి ఉంచితే లోపల మిగిలిన విద్యుత్తు చాలావరకు పోతుంది. క్యాబినెట్ పక్కపలక మరలు విప్పి, చేతితో లోపలి ఇనుప చట్రాన్ని తాకాలి. మన శరీరంలో నిలిచిన స్థిర విద్యుత్తు సున్నితమైన భాగాలను దెబ్బతీయకుండా ఇది కాపాడుతుంది. డిస్కుకు రెండు తీగలుంటాయి. వెడల్పైనది విద్యుత్తు కోసం, సన్ననిది మదర్ బోర్డుకు సమాచారం చేరవేయడం కోసం. 2003 తరువాత వ్యాప్తిలోకి వచ్చిన సాటా పద్ధతి ఇది. అంతకు పూర్వపు యంత్రాలలో వెడల్పైన పట్టీ తీగ కనిపిస్తుంది. వాటికి సాటా డిస్కు నేరుగా సరిపోదు. సాటా ఎస్.ఎస్.డి. సాధారణంగా రెండున్నర అంగుళాల పరిమాణంలో ఉంటుంది. మూడున్నర అంగుళాల అరలో అది నిలవడానికి చిన్న బిగింపు చట్రం కావాలి. సాటా కొన ఒక వైపే అమరుతుంది. బలవంతం చేస్తే విరుగుతుంది. మరలను ఒక గిన్నెలో వేసుకోవడం మంచిది. నా మర ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

క్లోనింగ్ చేసేవారు రెండు డిస్కులనూ ఒకేసారి తగిలించి, ఏది మూలమో ఏది గమ్యమో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఈ రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు నకలు నిండు డిస్కు మీదికి ఎక్కుతుంది. వ్రాసిన ఆకు మీద ఉత్త ఆకును కప్పినట్లు కాదు, వ్రాసిన ఆకును తగులబెట్టినట్లు! డిస్కు పేరును కాక దాని సామర్థ్యాన్ని, తయారీ సంఖ్యను చూసి గుర్తించడం ఉత్తమం. పని ముగిశాక పాతదానిని విప్పి, కొత్తదానినుండే కంప్యూటరు మేల్కొనేటట్లు బయోస్‌లో వరుసను నిర్ణయించాలి. 500 జీబీ డిస్కు విండోస్‌లో సుమారు 465గా కనిపిస్తే మోసపోయామని అనుకోనక్కరలేదు. తయారీదారు వేయి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

కొత్త డిస్కులో కొత్తగా విండోస్ వేసుకుని, ఫైళ్లను తెచ్చి పెట్టుకున్నాను. నా పాఠాంతరాల పట్టిక తెరిచాను. తెలుగు లేదు. రోమన్ అక్షరాలు, గుర్తులు, అర్థం లేని చుక్కలు! ఒక క్షణం నా గుండె ఆగినంత పనయింది. కారణం తరువాత తెలిసింది. ఆ పట్టికలు యూనికోడ్ వాడుకలోకి రాకముందు, ఆనాడు డీటీపీ కేంద్రాలలో ప్రసిద్ధమైన ఫాంట్లలో టైపు చేసినవి. అటువంటి ఫాంట్లలో ‘అ’ అన్న అక్షరం కంప్యూటరు దృష్టిలో ‘అ’ కాదు. అది ఏదో ఒక రోమన్ అక్షరపు స్థానం. ఆ స్థానంలో తెలుగు రూపాన్ని ఆ ఫాంటు గీస్తుంది. ఫాంటు లేకపోతే మిగిలేది ఆ మారువేషమే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే ప్రత్యేక స్థానం లభించినా, మన అచ్చు పనులు చాలాకాలం పాత పద్ధతిలోనే సాగాయి. క్లోనింగ్ చేసి ఉంటే ఫాంట్లు తమంతట తామే వచ్చేవి. నేను ఫైళ్లను తెచ్చాను గాని వాటిని చదివే కన్నును తీసుకురాలేదు. పాత డిస్కును మరొక్కసారి తగిలించి, విండోస్ అరలోని ఫాంట్ల అరనుండి వాటిని తెచ్చుకోగానే పద్యపాదాలు తిరిగి ప్రత్యక్షమయ్యాయి. ఆ తరువాత వాటిని యూనికోడ్‌లోకి మార్పించాను. మార్పిడిలో వత్తులు, గుణింతాలు అక్కడక్కడ చెదిరాయి. సరిదిద్దడానికి ఒక వేసవి పట్టింది.

తరలింపు ముగిసిందనగానే పాత డిస్కును పారవేయరాదు. ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం రెండు చోట్లా సరిపోయాయో లేదో చూడాలి. వేర్వేరు అరలనుండి కొన్నింటిని తెరిచి చదవాలి. పేరు వచ్చినంత మాత్రాన లోపలి పాఠం వచ్చిందని చెప్పలేము. పాతదానిని కనీసం నెలరోజులు దాచి, ఆ తరువాత ఎవరికైనా ఇచ్చేటట్లయితే పూర్తిగా తుడిచి ఇవ్వాలి. ఫైలును తొలగించడమంటే సాధారణంగా విషయసూచికలోని పంక్తిని కొట్టివేయడమే. పుటలు అక్కడే ఉంటాయి, తెలిసినవాడు చదువుకోగలడు.

ఏడవ క్యాసెట్ సంగతి చెప్పలేదు కదా! నా దగ్గర చదువుకున్న విద్యార్థి ఒకరు ఎన్నడో ఆ ప్రసంగాలను నా దగ్గరనుండి సీడీలలో ఎక్కించుకుని వెళ్లారు. ఆ మాట నేను మరచిపోయాను. ఫోను చేస్తే, “సార్, నా దగ్గర ఉన్నాయి, కాని నాలుగు సీడీలు గీతలు పడ్డాయి” అన్నారు. ఏడవ క్యాసెట్ ఉన్న సీడీ ఆ నాలుగింటిలో ఒకటి. అదృష్టవశాత్తు గీతలు పడిన చోటు, నా డిస్కులో చెడిన చోటు ఒకటి కాదు. రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి వింటూ, ఒకదానిలో లోపించిన భాగాన్ని రెండవదానినుండి పూరించాను. ఒక పద్యం చివర నాలుగు సెకన్ల నిశ్శబ్దం మాత్రం రెండింటిలోనూ ఉంది. అది గ్రంథపాతమో, గురువుగారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన విరామమో ఇప్పటికీ తేల్చలేకపోయాను.