వ్యవసాయ పరిశోధకులకు జీఫోర్ట్రాన్ కంపైలర్: స్థాపన, వినియోగం, ఫలితాల నిర్ధారణ

సారాంశం

పంటల పెరుగుదలను అనుకరించే ప్రధాన నమూనాలలో అనేకం ఫోర్ట్రాన్ భాషలో రచింపబడినవి. వీటి సోర్స్ కోడ్‌ను ఉచితంగా లభించే జీఫోర్ట్రాన్ కంపైలర్ సహాయంతో పరిశోధకులు స్వయంగా కంపైలు చేసుకొనవచ్చు. కంపైలర్‌ను కంప్యూటర్‌లో స్థాపించే విధానం, తొలి ప్రోగ్రాం తయారీ, తప్పు సందేశం ఏదీ లేకుండానే ఫలితాన్ని మార్చివేసే దోషాలు, వాటిని పట్టుకొనే మార్గాలు ఈ వ్యాసంలో వివరింపబడినవి. ప్రోగ్రాం ఆగకుండా నడిచినంత మాత్రాన దాని ఫలితం సరైనదని భావించరాదన్నది ఇందలి ముఖ్యాంశం.

కీలక పదాలు: ఫోర్ట్రాన్, జీఫోర్ట్రాన్, ఓపెన్ సోర్స్, పంట నమూనాలు, డిగ్రీ-దినాలు, వేరుశనగ

1. ఉపోద్ఘాతం

విత్తే సమయం, నీటి తడులు, నత్రజని మోతాదు వంటి అంశాలపై సిఫారసులు రూపొందించే క్రమంలో క్షేత్ర ప్రయోగాలకు తోడుగా పంట నమూనాలను వినియోగించడం నేడు సాధారణమైనది. డీఎస్‌ఎస్‌ఏటీ వ్యవస్థలోని సెరెస్, క్రాప్‌గ్రో నమూనాలు, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, వాగెనింగెన్ శాస్త్రవేత్తలు కలిసి రూపొందించిన ఒరైజా 2000 ఫోర్ట్రాన్‌లోనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ రూపొందించిన ఆక్వాక్రాప్ నమూనా కూడా 2022లో 7వ వెర్షన్‌తో ఫోర్ట్రాన్ సోర్స్ కోడ్ రూపంలో అందరికీ అందుబాటులోనికి వచ్చినది.

ఈ నమూనాల చరిత్రతో తెలుగు నేలకు సంబంధం లేకపోలేదు. డీఎస్‌ఎస్‌ఏటీకి మూలమైన అంతర్జాతీయ ప్రాజెక్టు తొలి దశలో, నమూనాలకు అవసరమైన కనీస దత్తాంశం ఏమిటన్న విషయంపై 1983 మార్చిలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కేంద్రంలో అంతర్జాతీయ సదస్సు జరిగినది.

నమూనాను సిద్ధంగా ఉన్న రూపంలో నడిపేవారు రకానికి సంబంధించిన గుణకాలను మార్చుకొనగలరు. దానికి కంపైలర్ అవసరం లేదు. అయితే ఒక సమీకరణాన్ని మార్చవలసి వచ్చినప్పుడు, ఒక లెక్క ఎలా జరుగుచున్నదో పరిశీలించవలసి వచ్చినప్పుడు, సోర్స్ కోడ్‌ను చదివి తిరిగి కంపైలు చేయడం తప్పనిసరి అవుతుంది.

2. ఫోర్ట్రాన్, జీఫోర్ట్రాన్ నేపథ్యం

ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ నాయకత్వాన రూపొందిన ఫోర్ట్రాన్ 1957లో ఐబీఎం 704 కంప్యూటర్ కొరకు విడుదలైనది. పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే రూపాలు రెండు. ఒకటి ఫోర్ట్రాన్ 77; రెండవది ఫోర్ట్రాన్ 90, దాని తరువాతి ప్రమాణాలు. పంట నమూనాలలో ఈ రెండు రూపాలూ కలిసి కనిపించడం కద్దు.

మనిషి చదువగల సోర్స్ కోడ్‌ను యంత్రం నడుపగల ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామే కంపైలర్. గ్నూ కంపైలర్ల సముదాయమైన జీసీసీలో ఫోర్ట్రాన్ కొరకు మొదట జీ77 ఉండేది. 2005లో వెలువడిన జీసీసీ 4.0 నుండి దాని స్థానంలో జీఫోర్ట్రాన్ వచ్చినది. దీనికి రుసుము లేదు. దీనితో తయారైన ప్రోగ్రాంలను విశ్వవిద్యాలయాలు తమకు నచ్చిన లైసెన్సుతో పంచుకొనుటకు కూడా ఆటంకం లేదు.

3. స్థాపన విధానం

ఈ వ్యాసంలో ఆదేశాలు ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటర్‌లో వాటిని ఆంగ్ల అక్షరాలతో టైపు చేయాలి. ప్రత్యేకంగా చెప్పినచోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

ఉబుంటు లినక్స్: టెర్మినల్‌లో "సుడో ఆప్ట్ అప్‌డేట్", తరువాత "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీఫోర్ట్రాన్" అనే ఆదేశాలు ఇవ్వాలి. ఫెడోరా లినక్స్‌లో ఆప్ట్ స్థానంలో డీఎన్‌ఎఫ్ వాడాలి. ప్యాకేజీ పేరు "జీసీసీ-జీఫోర్ట్రాన్".

విండోస్: ఎంసిస్2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ముందుగా స్థాపించి, దాని టెర్మినల్‌లో ప్యాక్‌మ్యాన్ ఆదేశం ద్వారా ఫోర్ట్రాన్ ప్యాకేజీని తెచ్చుకొనవచ్చు. విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ సౌకర్యం ఉన్నచోట ఉబుంటుకు చెప్పిన పద్ధతి సరిపోతుంది.

మ్యాక్: హోమ్‌బ్రూ ద్వారా "బ్రూ ఇన్‌స్టాల్ జీసీసీ" అని ఆదేశించినచో జీఫోర్ట్రాన్ కూడా వచ్చును.

స్థాపన ముగిసిన పిదప "జీఫోర్ట్రాన్ --వెర్షన్" అని టైపు చేయాలి. కంపైలర్ పేరు, వెర్షన్ సంఖ్య తెరపై కనిపించినచో స్థాపన సక్రమంగా జరిగినట్లే. ఆ సంఖ్యను ప్రయోగ పుస్తకంలో వ్రాసుకొనుట మంచిది. దాని అవసరం 8వ విభాగంలో తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు అవసరం. ఫైళ్లను ఉంచే ఫోల్డరు పేరులో ఖాళీలు లేకుండా చూడాలి. లినక్స్‌లో పెద్ద అక్షరాల పేరు, చిన్న అక్షరాల పేరు వేర్వేరు ఫైళ్లుగా పరిగణింపబడును కనుక విండోస్‌లో సిద్ధం చేసిన వాతావరణ ఫైలు అక్కడ "లేదు" అన్న సందేశం రావచ్చు. అది ఫైలు లోపం కాదు, పేరులోని అక్షరాల తేడా మాత్రమే.

4. తొలి ప్రోగ్రాం: డిగ్రీ-దినాల లెక్క

పంట దశలను అంచనా వేయడానికి నమూనాలు ఉష్ణోగ్రతను కూడబెట్టి లెక్కిస్తాయి. రోజులోని గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు నుండి పంట ఆధార ఉష్ణోగ్రతను తీసివేయగా మిగిలినది ఆ రోజు డిగ్రీ-దినాలు. వేరుశనగకు ఆధార ఉష్ణోగ్రతగా సాధారణంగా 10 డిగ్రీల సెల్సియస్ తీసుకొంటారు.

ఈ లెక్కకు పది పదిహేను పంక్తుల ప్రోగ్రాం చాలును. అందులో చలరాశుల ప్రకటన, వాతావరణ ఫైలును తెరచుట, రోజుకొక పంక్తిని చదువుట, సగటు కట్టి ఆధార ఉష్ణోగ్రతను తీసివేయుట, మొత్తానికి కలుపుట, చివరకు మొత్తాన్ని ముద్రించుట అనే మెట్లు ఉండును. ఈ ప్రోగ్రాంను ఎఫ్90 అనే తోక పేరుతో భద్రపరచి "జీఫోర్ట్రాన్" ఆదేశం పక్కన ఫైలు పేరు, "-ఓ" అనే ఐచ్ఛికం, కావలసిన ప్రోగ్రాం పేరు వరుసగా ఇచ్చినచో నడుపదగిన ప్రోగ్రాం తయారగును.

ఫైలు తోక పేరుకు ప్రాముఖ్యం ఉన్నది. ఎఫ్90 అని ఉన్నచో పంక్తులు స్వేచ్ఛా రూపంలో ఉన్నవని కంపైలర్ భావించును. కేవలం ఎఫ్ అని ఉన్నచో పాత కార్డుల నాటి స్థిర రూపంగా చదువును. స్థిర రూపంలో ఆదేశాలు 7వ గడి నుండి 72వ గడి వరకే ఉండాలి. ఆ తరువాతి భాగాన్ని కంపైలర్ విడిచిపెట్టును.

5. సందేశం లేకుండా జరిగే తప్పులు

మూడు రోజుల ఉదాహరణ విలువలు తీసుకొందము. గరిష్ఠ ఉష్ణోగ్రతలు 35.8, 34.6, 33.9, కనిష్ఠ ఉష్ణోగ్రతలు 22.9, 23.5, 22.8. చేతితో లెక్కించగా డిగ్రీ-దినాలు వరుసగా 19.35, 19.05, 18.35, మొత్తం 56.75.

ఇప్పుడు ప్రోగ్రాంలో ఈ ఉష్ణోగ్రతలకు మాక్స్‌టీ, మిన్‌టీ అని ఎం అక్షరంతో మొదలయ్యే పేర్లు పెట్టి, వాటి రకాన్ని ప్రకటించలేదని అనుకొందము. ప్రకటన లేని చలరాశి పేరు ఐ నుండి ఎన్ వరకు గల అక్షరాలతో మొదలైనచో దానిని పూర్ణాంకంగా స్వీకరించుట ఫోర్ట్రాన్ నియమం. ఫైలు నుండి నేరుగా ఈ చలరాశిలోనికి 35.8ని చదివించినచో జీఫోర్ట్రాన్ తప్పు చూపి ఆగిపోవును. కాని ముందు వేరొక వాస్తవ సంఖ్యలోనికి చదివి, దానిని మాక్స్‌టీకి అప్పగించినచో 35.8 కాస్తా 35గా మారును. ప్రోగ్రాం ఆగదు. పైగా రెండు పూర్ణాంకాల మొత్తాన్ని 2తో భాగించినప్పుడు శేషం కూడా పోవును. 35, 22 కలిపి 57. దానిలో సగం 28.5 కాక 28 అగును. మూడు రోజుల మొత్తం 53 మాత్రమే వచ్చును.

ఈ మూడు రోజులలోనూ మొత్తం బేసి సంఖ్య అగుట వలన తేడా హెచ్చుగా కనిపించినది. సగటున చూచినను నష్టం చిన్నది కాదు. దశాంశ స్థానంలో 0 నుండి 9 వరకు అంకెలు సమానంగా వచ్చునని భావించినచో అంకెలు కత్తిరింపబడుట వలన రోజుకు 0.45, భాగహారంలో శేషం పోవుట వలన 0.25, మొత్తం 0.70 డిగ్రీలు తగ్గును. నూరు రోజుల పంటకు ఇది 70 డిగ్రీ-దినాలు. రోజుకు 19 చొప్పున చూచినచో పంట పక్వతను నమూనా సుమారు మూడున్నర రోజులు ఆలస్యంగా చూపును. కాయ ఊరే దశలో బెట్ట ఏర్పడే అనంతపురం వంటి వర్షాధార ప్రాంతంలో ఆ రోజుల తేడా దిగుబడి అంచనాను, దానిపై ఆధారపడిన సలహాను మార్చగలదు. రైతుకు చేరేది సలహా మాత్రమే. దాని వెనుక దశాంశాలు పోయిన సంగతి ఎవరికీ కనిపించదు.

ఇటువంటివే మరి మూడు దోషాలు గమనింపదగినవి.

(అ) ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌గా మార్చేటప్పుడు 5/9 అని ముందుగా వ్రాసినచో పూర్ణాంక భాగహారం వలన విలువ సున్నా అగును. 5.0/9.0 అని వ్రాయాలి.

(ఆ) ఏడాదికి 365 స్థానాలతో వాతావరణ శ్రేణిని ప్రకటించి, 2024 వంటి లీపు సంవత్సరపు దత్తాంశం ఇచ్చినచో 366వ రోజు విలువ శ్రేణి దాటి పొరుగున ఉన్న వేరొక విలువపై పడవచ్చును.

(ఇ) ప్రారంభ విలువ ఇవ్వని చలరాశిని జీఫోర్ట్రాన్ తనంతట తాను సున్నా చేయదు. ఉపప్రోగ్రాంలలోని చలరాశులు ఒక పిలుపు నుండి మరొక పిలుపు వరకు విలువను నిలుపుకొనునని నమ్మి వ్రాసిన పాత కోడ్ అందువలన వేరే ఫలితం ఇవ్వవచ్చును.

6. దోషాలను పట్టుకొనే ఐచ్ఛికాలు

మొదటి రక్షణ కోడ్‌లోనే ఉన్నది. ప్రతి ప్రోగ్రాం విభాగం ఆరంభంలో "ఇంప్లిసిట్ నన్" అని వ్రాసినచో ప్రకటించని ప్రతి చలరాశినీ కంపైలర్ తప్పుగా చూపును. మాక్స్‌టీ దోషం అక్కడే బయటపడును.

రెండవది "-వాల్" ఐచ్ఛికం. దీనిలో డబ్ల్యు మాత్రం పెద్ద అక్షరం. వాస్తవ సంఖ్య పూర్ణాంకంగా మారినచోట్లను, 5/9 వంటి స్థిర సంఖ్యల భాగహారాన్ని, 72వ గడి దాటి తెగిపోయే పంక్తులను ఇది హెచ్చరికగా చూపును. అయితే రెండు పూర్ణాంక చలరాశుల మధ్య భాగహారంపై ఇది హెచ్చరించదు. ఆ భాగాన్ని పరిశోధకుడే చదివి చూడాలి.

మూడవది "-ఎఫ్‌చెక్=ఆల్". ప్రోగ్రాం నడిచేటప్పుడు శ్రేణి హద్దు దాటినచో ఏ పంక్తిలో దాటినదో చెప్పి ఆపివేయును. దీనికి "-జి"ని కూడా చేర్చినచో దోషస్థానాన్ని వెతుకుట సులభమగును.

నాలుగవది "-ఎఫ్‌ఎఫ్‌పీఈ-ట్రాప్". సున్నాతో భాగహారం, అర్థంలేని గణనలు, హద్దు మీరిన విలువలు ఏర్పడినప్పుడు ప్రోగ్రాంను వెంటనే ఆపుటకు సమాన చిహ్నం తరువాత "జీరో, ఇన్‌వాలిడ్, ఓవర్‌ఫ్లో" అనే మూడు పదాలను కామాలతో, ఖాళీ లేకుండా ఇవ్వాలి.

ఈ తనిఖీలతో ప్రోగ్రాం నెమ్మదిగా నడుచును. కనుక తనిఖీల దశలో వీటిని వాడి, దోషాలు తొలగిన పిదప వేగం కొరకు "-ఓ2"తో తిరిగి కంపైలు చేయుట సరైన క్రమం. ఇక్కడి ఓ పెద్ద అక్షరం. ప్రోగ్రాం పేరు కొరకు వాడేది చిన్న అక్షరం. గణిత నియమాలను సడలించి వేగం పెంచే "-ఓఫాస్ట్" వంటి ఐచ్ఛికాలను పరిశోధన ఫలితాల కొరకు వాడరాదు.

7. పూర్తి నమూనాను కంపైలు చేయుట, సరిచూచుట

పెద్ద నమూనాలో వందలాది ఫైళ్లు ఉండును కనుక వాటిని సరైన వరుసలో కంపైలు చేసే బాధ్యతను సీమేక్, మేక్ అనే సాధనాలు నిర్వహిస్తాయి. డీఎస్‌ఎస్‌ఏటీ సోర్స్ కోడ్‌ను సీమేక్ ద్వారానే నిర్మించవచ్చును. నిర్మాణం పూర్తయిన తరువాత ఈ క్రమం పాటించుట మేలు.

మొదట, ఏ మార్పూ చేయక, నమూనాతో పాటు లభించే ఉదాహరణ ప్రయోగాలను నడిపి, అధికారిక ప్రోగ్రాం ఇచ్చిన ఫలితాలతో పోల్చాలి. రెండవ దశలో తనిఖీల ఐచ్ఛికాలతోను, "-ఓ2"తోను వేర్వేరుగా నడిపి రెండింటినీ పోల్చాలి. చివరి అంకెలలో స్వల్ప భేదం సహజం. సాధారణ వాస్తవ సంఖ్యలో సుమారు ఏడు అంకెల ఖచ్చితత్వం మాత్రమే ఉండును. కాని ఆ స్వల్ప భేదం వలన డిగ్రీ-దినాల మొత్తం ఒక దశ అవధిని ఒక రోజు ముందో వెనుకో దాటవచ్చును. పూత తేదీలో ఒక రోజు తేడా కనిపించినచో కారణం ఇదేనా అని చూడాలి. దిగుబడిలో గణనీయమైన తేడా కనిపించినచో ప్రారంభ విలువ లేని చలరాశి ఉన్నదేమోనని వెతకాలి. ఆ తరువాతనే సమీకరణాలలో మార్పు చేయాలి. ఒక్కసారికి ఒక్క మార్పు చేసి, ప్రతిసారీ అవే ఉదాహరణలను మరల నడపాలి.

తయారైన ప్రోగ్రాంను విండోస్‌లో వేరొక కంప్యూటర్‌కు, ఉదాహరణకు కృషి విజ్ఞాన కేంద్రానికి పంపవలసినచో "-స్టాటిక్" ఐచ్ఛికంతో కంపైలు చేయాలి. లేనిచో అక్కడ ఫోర్ట్రాన్ లైబ్రరీలు లేక ప్రోగ్రాం తెరుచుకొనదు.

8. ముగింపు

నేలలోని నత్రజనిని ఏ పద్ధతిలో నిర్ణయించినదీ సిద్ధాంత వ్యాసంలో తప్పక వ్రాస్తారు. నమూనా ఫలితాలకు సైతం అదే నియమం వర్తింపవలెను. నమూనా వెర్షన్, కంపైలర్ పేరు, దాని వెర్షన్ సంఖ్య, వాడిన ఐచ్ఛికాలు, ఆపరేటింగ్ సిస్టమ్, కోడ్‌లో చేసిన మార్పులు అనే ఆరు అంశాలను "సామగ్రి, పద్ధతులు" విభాగంలో పొందుపరచినచో మరొక పరిశోధకుడు ఆ ఫలితాన్ని తిరిగి పొందగలడు. మూడు రోజుల దత్తాంశాన్ని చేతితో లెక్కించి ప్రోగ్రాం ఫలితంతో పోల్చుటకు అరగంట చాలును. నమూనా ఆధారంగా రైతుకు సిఫారసు చేయుటకు ముందు ఆ అరగంటను కేటాయించుట ప్రతి పరిశోధన విద్యార్థికి అలవాటు కావలెను.